పై వాటాలో రాక్షసుడు

"చచ్చాను బాబోయ్!"

పై వాటాలోంచి ఆడగొంతు. ఆసుపత్రిలో నర్సు డ్యూటీ ముగించుకొచ్చి కింది వాటాలో బూట్లు విప్పుతున్న అతను ఉలిక్కిపడ్డాడు. ఫస్ట్ ఎయిడ్ పెట్టె పట్టుకొని, ఒక కాలికే బూటుతో మెట్లెక్కేశాడు.

తలుపు తీసింది ఒక బామ్మ. "కంగారుపడకు నాయనా, మా మనవరాలు. రోజూ చస్తుంది," అంది తాపీగా.

లోపల టీవీ ముందు ఒక అమ్మాయి. చేతిలో కంట్రోలర్, కళ్లలో నీళ్లు. తెర మీద కత్తి ఊపుతూ కొండంత రాక్షసుడు. అతనికి బాగా తెలిసిన వీడియో గేమే. కొత్తవాళ్లను ఏడిపించడంలో దానికి పెద్ద పేరు.

"నవ్వుకోండి, పర్లేదు," అంది ఆమె.

"నవ్వడం లేదండీ. ముందు ఆ బరువు కవచం తీసేయండి. అది వేసుకొని తప్పించుకోలేరు."

"కవచం ఉండగానే చస్తున్నాను మహానుభావా!"

"అది ఉండబట్టే చస్తున్నారు. ఇంకోటి, ఒక దెబ్బ తగలగానే ఆశపడి మీద పడిపోతున్నారు. ఒకటి కొట్టి పక్కకు తప్పుకోండి. కాసేపు అసలు కొట్టకండి, వాడు చెయ్యెప్పుడు ఎత్తుతున్నాడో చూడండి."

ఆమె కంట్రోలర్ ఒళ్లో పెట్టేసుకుంది. "ఉద్యోగం పోయింది. ఇంటర్వ్యూలన్నీ తన్నేశాయి. కనీసం ఆటలోనైనా గెలుద్దామంటే..."

అతను నేల మీద చతికిలబడ్డాడు. "ఇందులో చావడం తప్పు కాదండీ. వీడి చేతిలో నేనెన్నిసార్లు చచ్చానో లెక్కే లేదు. ఎందుకు చచ్చామో చూసుకుంటే చాలు. మరీ విసుగొస్తే వేరే దారిన తిరిగి, బలం పెంచుకొని రండి. వాడెక్కడికీ పోడు."

అప్పట్నుంచి పైనుంచి "చచ్చాను!" వినిపిస్తే చాలు, అతను మెట్ల మీద ఉండేవాడు. అతను ఆటపట్టించేవాడు, ఆమె మూతి ముడిచేది, బామ్మ కాఫీ ఇచ్చేది. ఈలోగా ఆమెకు ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో ఉద్యోగమూ దొరికింది. రాక్షసుడు మాత్రం అతని ఎదుట ఒక్కసారీ చావలేదు. లోలోపల అతనికి అదే సంతోషం.

ఒక వాన సాయంత్రం, అతని కళ్లముందే, ఆమె వాణ్ణి అవలీలగా కూల్చేసింది.

"అబ్బ! భలే కొట్టారు," అన్నాడు. మొహం మాత్రం వాడిపోయింది. "ఇక నాతో పనేముంది లెండి," అంటూ లేచాడు.

"కూర్చోండి. వీణ్ణి నేనెప్పుడో చంపేశాను."

"మరి?"

"మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాను. మీరు రావాలంటే నేను చావాలి కదా!"

"మరి ఇవాళెందుకు గెలిచారు?"

ఆమె కిటికీ అవతల వాన వైపు చూసింది. "గెలిచాక కూడా వస్తారో లేదో తెలుసుకుందామని."

అతను మళ్లీ కూర్చున్నాడు. "వస్తాను. రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. నాకు... మీరంటే..."

"పూర్తి చెయ్యి నాయనా, కాఫీ చల్లారిపోతోంది!" వంటింట్లోంచి బామ్మ.

"మీరంటే ఇష్టం," అన్నాడతను, వంటింట్లోకీ వినబడేంత గట్టిగా.