దప్పికమ్మ కొటారు

కృష్ణపట్నం పోయే ఉప్పు కాలువలో పడవవాళ్లు పాట ఆపేసే చోటు ఒకటి ఉండేది. గట్టు మీద తాడు లాగేవాళ్లు అక్కడికి రాగానే తలలు వంచుకొని అడుగులు పెద్దవి చేసేవాళ్లు. చుక్కాని పట్టుకున్నవాడు చెంబెడు మంచినీళ్లు తీసి గట్టు మీదికి ఒంపేసేవాడు... అటుపక్క చూడకుండా.

ఆ చోటు పేరు దప్పికమ్మ కొటారు.

ఒకప్పుడు ఉప్పు పండించి రాశులు పోసిన చోటది. మా కాలానికి ఉప్పు పండే కయ్యలన్నీ పాడుపడిపోయి, మధ్యలో కాపలావాళ్ల ఇల్లొకటి మిగిలింది. దానికీ సగం కప్పు లేదు. వెనకటికి గాలివాన వచ్చిన ఒక ఏడాది మంచినీళ్ల పడవ రాలేదంట. చుట్టూ నీళ్లే... నోట్లో పోసుకునేదానికి చుక్క లేదు. కూలికొచ్చిన ఆడమనిషి ఒకామె అక్కడే నాలుక పిడచకట్టి పోయిందంట. అప్పట్నుంచి చీకటి పడితే నీళ్లడగతాదంట. పలికితే వెంట వస్తాది. చేతికి నీళ్లిస్తే, ఇచ్చిన మనిషి ఎండిపోతాడు.

అట్టాంటి చోట ఒక రాత్రి ఉన్నాడు హెబ్రోను మాస్టరు. ఆయన నాకు చెప్పిందే మీకు చెప్తా ఉండాను.

మేమిద్దరం నెల్లూర్లో ఒకే బళ్లో పనిచేసేవాళ్లం. నేను లెక్కలు, ఆయన డ్రాయింగు. బడి గంట కొడితే చాలు, ఆయనకి నీటిరంగులు తప్ప ఇంకేం పట్టేది కాదు. పొద్దున్నే పెన్న ఒడ్డున ఒక బొమ్మ, సాయంత్రం ఆనకట్ట దగ్గర ఒక బొమ్మ. ఇంట్లో మంచాల మీద, బియ్యం డబ్బా మీద, పొయ్యి పక్కన గూట్లో, యాడ చూసినా ఆరీ ఆరని కాగితాలే. "మనిషి కూర్చునేదానికి చోటుందా ఈ కొంపలో?" అని భార్య రెబెక్కమ్మ అరుస్తానే, వానొస్తే ముందు ఆ కాగితాలే ఎత్తి లోపల పెట్టేది.

అరవై ఒకటో, అరవై రెండో... ఎండాకాలం సెలవులు. మద్రాసు ప్రదర్శనలో బొమ్మలు పెట్టమని మాస్టరుకి పిలుపొచ్చింది. ఉప్పు కాలువ బొమ్మలు వరసగా వేస్తా ఉండాడు. తెరచాప పడవలు అయినాయి. సరుగుడు కట్టెల మోపులు అయినాయి. గట్టు మీద వంగి తాడు లాగే మనుషులు అయినారు. ఒక్కటి మాత్రం ఎంతకీ కుదరలా. పొద్దు గుంకేటప్పుడు పాత ఉప్పు కయ్యల మీద పడే రంగు.

"అది ఊదా కాదబ్బా, గులాబీ కాదు. ఆరిపోయే నిప్పు మీద బూడిద కమ్ముకుంటుందే... ఆ బూడిద లోపలి రంగు," అనేవాడు.

ఆ రంగు కోసరమే దప్పికమ్మ కొటారు దగ్గర దిగుతానన్నాడు. పడవ అల్లాబక్షుది. మాస్టరుని ఎన్నోసార్లు తిప్పినవాడే.

"వొద్దు సార్," అన్నాడు అల్లాబక్షు, గొంతు తగ్గించి. "ఇంకేడన్నా ఆపుతా."

"దెయ్యాలు నన్నేం చేస్తాయయ్యా? నాకు ప్రభువుండాడు."

"మాకూ దేవుడుండాడు సార్. అయినా మేం ఆపం."

మాస్టరు వినలేదు. ఆఖరికి అల్లాబక్షు పడవని గట్టుకి ఆనించినాడు, తను మాత్రం దిగలా. కృష్ణపట్నంలో ఉప్పు ఎక్కించుకొని తెల్లారేసరికి వస్తానన్నాడు. పడవ కదిలినాక వెనక్కి తిరిగి ఒక్క మాట అన్నాడు.

"ఎవరన్నా పిలిస్తే పలకబాకండి సార్..."

మాస్టరు దగ్గర రంగుల పెట్టె, లాంతరు, రెబెక్కమ్మ కట్టిచ్చిన రొట్టె, ఒక కూజాడు మంచినీళ్లు ఉండాయి. నీళ్ల విషయంలో ఆయన బలే జాగ్రత్త. ఒకసారి కాలువ నీళ్లతో రంగు కలిపితే, ఆరేకొద్దీ ఉప్పు పైకి తేలి, బొమ్మలో ఆకాశమంతా అమ్మవారు పోసినట్టు మచ్చలు పడిపోయిందంట. అందుకని తాగేదానికీ కుంచెకీ ఆ కూజానే.

ఇంటి అరుగు మీద కూర్చొని బొమ్మ మొదలుపెట్టినాడు. పొద్దు వాలింది. కయ్యల మీద ఉప్పు పెళ్లలు మెల్లిగా రంగు తిరిగినాయి. ఆ రంగే... మాస్టరు ఊపిరి బిగబట్టి కాగితమంతా తడిపి, ఒక్క ఊపున పై నుంచి కిందికి రంగు దించినాడు.

వచ్చింది!

ఇన్నాళ్లు రానిది ఆరోజు వచ్చింది. ఇంక అది ఆరితే, పైన రెండో పూత ఒకటి వేస్తే బొమ్మ అయిపోయినట్టే. కానీ సముద్రపు గాలికి కాగితం ఆరలా. చెయ్యి పెడితే చెమ్మ. చీకటి పడింది. లాంతరు వెలిగించి, కాగితాన్ని దాని దగ్గర పెట్టుకొని కూర్చున్నాడు.

గాలి ఆగిపోయింది.

అప్పుడు వినపడింది.

"నీళ్లు..."

మాస్టరు తల ఎత్తినాడు. ఎదర కయ్యలు తెల్లగా, ఖాళీగా ఉండాయి. తాటాకు చప్పుడేమో అనుకున్నాడు. కానీ చుట్టుపక్కల తాటిచెట్టు ఒక్కటి లేదు.

"నీళ్లు..."

ఈసారి ఇంటి వెనక నుంచి. ఆడగొంతు. ఎండిన గొంతు... మాట కంటే ఊపిరే ఎక్కువ ఉంది అందులో.

ఆయన కళ్లు మూసుకొని ప్రార్థన మొదలుపెట్టినాడు. పెదాలు ఆడతా ఉండాయి గానీ మాటలు గుర్తుకు రావడం లేదు. చిన్నప్పట్నుంచి నోటికొచ్చిన కీర్తన, సగంలో తెగిపోయింది.

కరకర... కరకర... ఉప్పు పెళ్లల మీద ఎవరో నడిచినట్టు. అడుగు పడతాది, ఆగతాది. మళ్లీ పడతాది.

పలకకూడదు. పలకకూడదు అనుకుంటానే—

"ఎవరమ్మా?" అనేసినాడు.

చప్పుడు ఆగింది.

  మాస్టరుకి పడవవాళ్లు చేసే పని గుర్తొచ్చింది. కూజాలోంచి గ్లాసుకి నీళ్లు వంచి, అరుగు మెట్టు మీద పెట్టి, గోడకి ఆనుకున్నాడు.

"తాగమ్మా... తాగి పో తల్లీ..."

జవాబు చెవి పక్కనే వచ్చింది.

"ఇక్కడ కాదు..."

ఆ మాట చెప్పేటప్పుడు హెబ్రోను మాస్టరు నా ముంజేయి పట్టుకున్నాడు. ఆయన వేళ్లు చల్లగా ఉండాయి. "అప్పుడు పారిపోయేవాణ్ణే. కాలువలో దూకన్నా పోయేవాణ్ణి. కానీ ఆ గొంతులో బెదిరింపు లేదబ్బా. బతిమాలుకునే గొంతది. ఎవరి బిడ్డో జబ్బు పడితే డాక్టరు తలుపు కొట్టేవాళ్ల గొంతు..." అన్నాడు.

ఆయన లేచినాడు. ఒక చేత్తో లాంతరు, ఒక చేత్తో కూజా. రంగు దించిన పెద్ద కుంచె కూడా చొక్కా జేబులో అట్టే ఉండిపోయింది.

"నీళ్లు..." ఇంటి మూల దగ్గర.

మూల తిరిగినాడు. ఎవరూ లేరు.

"నీళ్లు..." ఇంకొంచెం దూరంలో, గట్టు మీద.

గట్టెక్కినాడు. బురద జారతా ఉంది. లాంతరు వెలుతురు నాలుగడుగుల కంటే పోవడం లేదు. వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు కూడా కనపడలా. గొంతు ముందు, ఆయన వెనక... అట్టా ఎంత దూరం పోయినాడో ఆయనకే తెలీదు. ఒకచోట గొంతు ఆగిపోయింది. మళ్లీ పిలవలా.

మాస్టరు లాంతరు ఎత్తినాడు.

గట్టు కింద, ఎండిపోయిన పిల్లకాలువలో ఒక చెయ్యి.

ఆయన గట్టిగా అరిచినాడు. లాంతరు జారి పడబోయింది. ఆ చెయ్యి కదిలింది. కదిలిన చేతికి ఎర్రగాజులు... పక్కన చితుకుల మోపు పడుంది. దెయ్యం చితుకులు ఏరుకోదు కదా!

దిగి చూస్తే ప్రాణమున్న మనిషి. నడివయసు. కాలు మోకాలి కింద వంకర తిరిగి వాచిపోయింది. పెదాలు పగిలి, వాటి మీద ఉప్పు కట్టింది. కళ్లు సగం మూతలు పడుండాయి. మాస్టరు ఆమె తల ఎత్తి పట్టుకొని కూజాతో పోస్తే నీళ్లు పక్కకి కారిపోయినాయి. మింగే ఓపిక లేదు. అప్పుడాయన జేబులో కుంచె తీసి, కడిగి, నీళ్లల్లో ముంచి, నాలుక మీద పిండినాడు. ఒక చుక్క... ఇంకొక చుక్క... గొంతు కదిలింది.

రాత్రంతా అదే పని. కూజా అడుగు కనపడింది. అరుగు మీద బొమ్మ మంచుకి తడిసి రంగులు కారిపోయింటుందని ఆయనకి తెలుసు. ఆ రంగు మళ్లీ వస్తుందో రాదో తెలీదు. అయినా లేచి పోలా. భయం కూడా పోయింది. దప్పికమ్మా లేదు, ఎవరూ లేరు, పాపం ఒక బీదమనిషి కాలు విరిగి పడిపోయి అరస్తా ఉంటే మనం కట్టిన కథలివి... అనుకొని ఆ చీకట్లో ఒంటరిగా నవ్వుకున్నాడంట.

తెల్లారి పడవ వచ్చింది. ఇద్దరూ ఆమెని మోసుకొచ్చి ఉప్పు బస్తాల మీద పడుకోబెట్టినారు. మాస్టరుకి కోపం ఆగలా.

"ఎన్ని పడవలు పోయుంటాయి ఈ దారిన! దెయ్యమని చెవులు మూసుకున్నారు గదయ్యా అందరూ. మనిషి చచ్చిపోయుండేది!"

అల్లాబక్షు పడవ గెడ మీద బరువేసి నిలబడినాడు. "విన్నాం సార్. నిన్న మీరెక్కకముందు ఇటు వస్తా ఉంటే పట్టపగలే వినపడింది. ఇన్నేళ్లలో పగలెప్పుడూ వినపడలా. అందుకని ఇంకా భయపడి, జోరుగా లాక్కొని పోయినాం..." కళ్లు తుడుచుకున్నాడు. "మీరు దిగుతానంటే అందుకే వొద్దన్నా."

నెల్లూరు ఆసుపత్రిలో చేర్పించినారు. ఆమె పేరు కామమ్మ. ముత్తుకూరు పక్క పల్లె. చితుకులకి పోయి గట్టు మీద జారింది. అక్క ఇంటికి పోయిందనుకొని ఇంట్లోవాళ్లు వెతకలేదు.

వారం పోయినాక మాస్టరు పండ్లు తీసుకొని చూసేదానికి పోయినాడు. కాలికి సిమెంటు కట్టు వేసుండారు. కామమ్మ దిండుకి ఆనుకొని కూర్చోనుంది. ఆయన్ని చూడగానే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. పక్కన ఆమె తమ్ముడు మాల్యాద్రి లేచి స్టూలు వేసినాడు.

"నాదేం లేదమ్మా," అన్నాడు మాస్టరు నవ్వతా. "అంత చీకట్లో నిన్ను నేనెక్కడ కనుక్కుంటాను? నీ గొంతే నిన్ను కాపాడింది. నువ్వు పిలవబట్టి వచ్చినా."

మాల్యాద్రి ఆయన ముఖంలోకి ఒక మాదిరిగా చూసినాడు.

"గొంతేంది సార్? మాయక్క పుట్టు మూగది. దాని నోట మాట మేమే ఎప్పుడూ వినలా."

మాస్టరు పండ్ల సంచి కింద పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు.

కామమ్మ తమ్ముడి భుజం తట్టింది. మాస్టరుని చూపించి, చేతులతో ఏదో చెప్పింది. తన తల ముట్టుకుంది. ఒడి తట్టి చూపించింది. తర్వాత నోరు బాగా తెరిచి, అట్టే కాసేపు పెట్టుకొని, మాస్టరు వైపు చెయ్యి తిప్పి... ఏదో అడిగింది. అడిగేటప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగినాయి.

"ఏమంటా ఉంది?" మాస్టరు మాల్యాద్రిని అడిగినాడు.

మాల్యాద్రికి అది సరిగ్గా అర్థమైనట్టు లేదు. మళ్లీ ఒకసారి అక్కని అడిగి, తల గోక్కున్నాడు.

"మీతో ఇంకెవరన్నా వచ్చినారా సార్? ఆడమనిషి ఎవరో రాత్రంతా దీని తల ఒళ్లో పెట్టుకొని కూర్చోనుందంట. మీరు దీని నోట్లో నీళ్లు పిండతా ఉంటే, ఆమె కూడా నోరు తెరుచుకొని చూస్తా ఉండిందంట... ఆమెకి ఒక్క చుక్కన్నా ఎందుకు పోయలేదు అని అడగతా ఉంది సార్."