నాలుగు వేళ్ల దూరం

బొంబాయికీ కువైట్‌కూ మధ్య దూరాన్ని తనంత కచ్చితంగా కొలిచినవాడు ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా లేడని, ఆ సోమవారం పొద్దున నతానియేలు పొయ్యి ముందు ప్రకటించాడు. ఇంటరు రెండుసార్లు తప్పిన సంగతి ఎవరూ ఎత్తలేదు.

"గ్లోబు మీద కొల్చినా మా. రెండు మూరల దారం పట్టింది. మూడు దినాలు ఎగరాల. ఎక్కేటప్పుడు కుర్రోళ్లుగా ఉన్న పైలట్లు దిగేతలికి ముసిలోళ్లయితారంట."

తల్లి హన్నమ్మ జొన్నరొట్టె తట్టడం ఆపింది. ఏ ఊరి దూరమైనా ఆమెకు పూటల్లోనే లెక్క. ఎన్ని రొట్టెలు మూట కట్టాలో తెలిస్తే చాలు. నంద్యాలకు రొట్టె అక్కర్లేదు. కర్నూలు ఒక పూట. కువైట్ తొమ్మిది పూటలు!

"యాడికీ పోవద్దు," అంది కూతురితో.

నతానియేలు అక్క లూదియా చేతిలోని సంచీ విసిరికొట్టింది. నంద్యాల ఆసుపత్రిలో ఆరేళ్లు నర్సుగా చేసి, కువైట్‌లో ఉద్యోగం తెచ్చుకుంది. ఒప్పుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టి ఇవాళే నంద్యాలలో ఇవ్వాలి. పదకొండు గంటల బస్సు తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరిది.

"ఈ ఎదవ మాట విని నా బతుకు పొయ్యిలో పెడ్తాండావా?"

"నేను చస్తే మరుసటి దినమే సమాధి చేస్తారు. తొమ్మిది పూటల దూరంలో ఉండేదానివి, నా మీద పిడికెడు మన్నేస్తావా? పో! పోతే మళ్ల ఈ గడప తొక్కొద్దు!"

"తొక్కను! నీ సమాధికీ రాను!"

రొట్టె మాడింది. ఎవరూ తిప్పలేదు.

తండ్రి సంజీవయ్య మిషన్ బడిలో అయ్యవారు. బడిలో ఉంచితే ఎలుకలు సముద్రాలు కొరుకుతాయని వేసవి సెలవులకు గ్లోబును ఇంటికి తెస్తాడు. ఇప్పుడు దాన్ని ఎత్తుకుని వచ్చాడు. కొలిచినవాడు దారం విప్పడం మరిచిపోయాడు. బొంబాయిలో మొదలైన దారం తూర్పుకు పోయి, అమెరికా దాటి, ఆఫ్రికా మీదుగా కువైట్ చేరింది.

"ఏందిరా ఇది? ఈడ్నుంచి పక్కనుండే రుద్రవరం పోయేదానికి మద్రాసు మీద పోతావా?"

దారం విప్పి పడమటి వైపు పట్టాడు. నాలుగు వేళ్ల వెడల్పు వచ్చింది.

"విమానంలో నాలుగు గంటలే మా," అంది లూదియా. "బొంబాయి నుంచి మనూరు చేరేదానికే దినమున్నర."

హన్నమ్మ వేళ్లు ముడిచి లెక్కేసింది. మూడుసార్లు లెక్కేసింది.

"రెండు దినాలైతే నా పానం బిగబట్టుకోనుంటాలే. నువ్వొచ్చినంకే పోతా." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "సంతకం పెట్టు, బస్సు తప్పిపోతాది." అట్లకాడ తీసుకుని కొడుకు వైపు తిరిగింది. "చూస్తా చూస్తా అక్క కొంప ముంచుతాండావే, నీకేం పోయేకాలంరా?"

నతానియేలు ఏదో హాస్యమాడబోయాడు. మానుకుని, తండ్రి చేతిలోని దారం అందుకుని వేలికి చుట్టుకున్నాడు.

"దగ్గరి దావే ముందు కొల్చినా మా, కావాలనే చుట్టు దావ చెప్పినా," అన్నాడు తల వంచుకుని. "శనివారం శనివారం బస్సు దిగంగానే నా చెవి మెలేసేది అక్కే గదా. నాకు ఆ నాలుగు వేళ్లే శానా దూరం అనిపిచ్చింది."