టపాకాయ పేరు, పిల్లి పేరు

"నేను చెప్తా టీచర్! ముందు నేను!"

మధ్యాహ్నం మొదటి పీరియడ్. టీచర్ ఇంకా కుర్చీలో కూర్చోనే లేదు, టపాకాయ అప్పుడే బోర్డు ముందు నిలబడింది.

ఆ క్లాసులో ఇద్దరమ్మాయిలకి ఒకే పేరు. పిలిస్తే ఇద్దరూ పలుకుతున్నారని పిల్లలే వేరే పేర్లు పెట్టేశారు. నోరు మూతపడనిది టపాకాయ. నోట్లోంచి మాట పెగలనిది పిల్లి. ఎవరి పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో, దాని అర్థమేమిటో కనుక్కుని రమ్మని టీచర్ నిన్న చెప్పారు.

"నా పేరంటే వెలుగు! చాలా పాత మాట! పాత కథల్లో రాణులకి కూడా ఈ పేరుంది!"

టపాకాయ చేతులు తిప్పుతూ ఒక్క గుక్కలో చెప్పేసింది. చప్పట్లకి ఖర్చేముంది? పిల్లలు ధారాళంగా కొట్టారు.

తర్వాత పిల్లి లేచింది. చేతిలో బొమ్మ గీసిన కాగితం ఉంది. "నా పేరు..." అంది.

"అదే పేరు కదా! అంతా నేను చెప్పేశాగా, ఇంకేముంది?" అంది టపాకాయ.

క్లాసంతా గొల్లున నవ్వింది. పిల్లి కాగితం మడిచి కూర్చుంది.

టీచర్ నవ్వలేదు. "అర్థం బాగానే చెప్పావు. మరి నీకా పేరు పెట్టిందెవరు?"

టపాకాయ నోరు తెరిచింది. తుస్సుమంది. "రేపు చెప్తా టీచర్!"

ఇంటికి ఒకటే పరుగు. అమ్మ కుట్టుమిషను ముందు ఉంది, పెదాల మధ్య గుండుసూదులతో.

"అమ్మా! నా పేరెవరు పెట్టారు?"

అమ్మ సూదులు తీసి నవ్వింది. "మీ నాన్న ఒకటన్నాడు, మీ అత్త ఒకటంది. ఇల్లు సంతైపోయింది. చివరికి మీ అన్నయ్య 'నేనే పెడతా' అని ఏడుపు. అప్పుడు వాడికి నాలుగేళ్ళు. వాడికి ఎదురింటి అక్కంటే ప్రాణం. ఆ పిల్ల సైకిలు మీద వీధి పిల్లలంతా తిరిగేవాళ్ళు. తను మాత్రం పట్టుకుని పక్కన నడిచేది. ఆ అక్క పేరే నీది."

"రాణి పేరు కాదా?"

"రాణులు సైకిలిస్తారేంటే, పిచ్చిమొద్దూ!"

టపాకాయ ఎగిరి గంతేసింది. ఎంత బాగుంది! రేపు క్లాసు దద్దరిల్లాలి! ఇంకో గంతు వేయబోయి ఆగిపోయింది. పిల్లి మడిచిన కాగితం గుర్తొచ్చింది.

మర్నాడు టీచర్ "ఊఁ, చెప్పు" అన్నారు. కథ నాలుక చివర గెంతుతోంది. టపాకాయ దాన్ని బలవంతాన మింగింది.

"ముందు పిల్లి, టీచర్. నిన్న తన వంతు నేను లాగేసుకున్నాను."

పిల్లి మెల్లగా కాగితం విప్పింది. ఎర్రటి లారీ బొమ్మ.

"మా నాన్న లారీ పేరే నాకు పెట్టారు. అది నాకంటే ముందే మా ఇంటికొచ్చింది. అందుకే దాన్ని అక్కా అంటాను."

"లారీ అక్కా!" క్లాసంతా బెంచీలెక్కినంత పని చేసింది. "మీ అక్క హారన్ ఎలా ఉంటుంది?"

పిల్లి గుండెల నిండా గాలి పీల్చింది. "పాఁం... పాఁం... పాఁఁం!"

కిటికీలు అదిరాయి. పక్క క్లాసు మాస్టారు కంగారుగా తొంగిచూశారు. ప్రశ్నల మీద ప్రశ్నలు. ఇంతలో బెల్లు కొట్టేశారు.

"అయ్యో, నీ కథ?" అంది పిల్లి.

"అదెక్కడికీ పోదులే. కాస్త జరుగు." టపాకాయ ఆమె పక్కన ఇరుక్కుని కూర్చుంది. "మీ అక్క హారన్ నాకూ నేర్పు!"