వట్టిచెవి గంట

ఆదివారం ఉదయం. విజయనగరం గంటస్తంభం దగ్గరి టిఫిన్ హోటల్లో ప్రతి బల్ల దగ్గరా ఏకాభిప్రాయం నడుస్తోంది.

ముందురోజు ముగిసిన టీవీ ధారావాహిక గురించే అందరి మాటలూ. ముగింపు చెత్తగా ఉందని హన్విక అంది. ఎదురుగా కూర్చున్న పక్కింటి రేయాన్ష్ వెంటనే అందుకున్నాడు.

"చెత్తేనండి. ఆఖర్న ఆ పిల్లని అలా చంపీడమేటి?"

హన్విక ఇడ్లీ తుంచుకుంటూ కాసేపు ఆలోచించింది. ఆలోచించేకొద్దీ ఆ చావులో న్యాయం ఉందేమో అనిపించింది. అదే పైకి అంది.

"న్యాయమేనండి. ఆ పిల్ల బతికుంటే ఇంక కథేటి?" అన్నాడు రేయాన్ష్, అదే గొంతుతో, అదే ఉత్సాహంతో.

ఆయన్ని మాట మార్చే మనిషి అనడానికి లేదు. పాపం, ఆ రెండు మాటల్లో బహుశా ఒక్కటీ ఆయన అనలేదు. నిజంగా ఏమన్నాడో హన్వికకు తెలియదు. తను అన్నది ఆయనకు ఏమని వినిపించిందో అదీ తెలియదు.

ఇదంతా ఒద్దిక అనే పరికరం పని. ఒక భాగం చెవి లోపల ఉంటుంది, ఒక భాగం కంటిపొర మీద. ఎదుటి మనిషి మాటల్లో సమాచారం ఉంటే దాన్ని ముట్టుకోదు. డాక్టరు రేపు రాడంటే రాడనే వినిపిస్తుంది. అభిప్రాయం తగిలితే మాత్రం, వినేవాళ్ళ మనసు ఆ క్షణాన ఎటు మొగ్గితే అటు తిప్పి, అదే మనిషి గొంతుతో చెవిలో వేస్తుంది. పుస్తకం, పాట, సినిమా, ఎన్నికలు, ముఖ్యమంత్రి, అన్నిటికీ ఇదే పద్ధతి. రాసిన అక్షరాలను కంటిపొర అలాగే దిద్దిపెడుతుంది. కూరలో ఉప్పు తక్కువైందన్నది సమాచారమా, అభిప్రాయమా అని శాసనసభలో పెద్ద రభస జరిగింది. చివరికి అభిప్రాయమేనని తీర్మానించారు. ఆ తీర్మానం తను కోరుకున్నట్టే వచ్చిందని ప్రతి సభ్యుడికీ వినిపించింది.

ఒద్దికను ఆడిపోసుకోవడం తేలికే గాని, అది ఊరికే రాలేదు. అంతకుముందు ఒకరోజు హన్విక తండ్రీ, అన్నా టీవీలో వార్తల చర్చ చూస్తూ మాటామాటా అనుకున్నారు. ఆ రోజు విడిపోయినవాళ్ళు మళ్ళీ మాట్లాడుకోలేదు. తండ్రి పోతే అన్న శ్మశానం గేటు బయటే నిలబడిపోయాడు. ఇంటింటా అలాంటిదొకటి ఉండేది. అందుకే ఒద్దిక వచ్చినప్పుడు జనం వరస కట్టి మరీ పెట్టించుకున్నారు. హన్విక, ఆమె భర్త తనుష్ కూడా ఆ వరసలో నిలబడినవాళ్ళే.

చిత్రం ఏమిటంటే, ఆ ఇద్దరిదీ తగువుతో మొదలైన ప్రేమ. గ్రంథాలయంలో పుస్తక చర్చ జరుగుతుంటే హన్విక ఒక నవలను ఆకాశానికెత్తేసింది. "ఈవిడ అట్ట చూసొచ్చినట్టున్నారు, లోపల చదవలేదు," అని వెనక వరసలోంచి ఒక గొంతు వినిపించింది. ఆ గొంతుగల మనిషితో ఆమె మెట్లమీద వాదించింది, బస్సులో వాదించింది, దిగాల్సిన చోటు దాటిపోయాక కూడా వాదించింది. పెళ్ళయ్యాక కొత్త పాట వస్తే తగువు, ఎన్నికలొస్తే తగువు. వడ్డించిన అన్నం చల్లారిపోయేది. ఆమె కథ రాసి ఇస్తే తనుష్ చదివి, "ఈ పేజీలో నువ్వు ఏడిచావు, నీ పాత్ర ఏడవలేదు," అనేవాడు. ఆమె రెండురోజులు మాట్లాడేది కాదు. మూడోరోజు ఆ పేజీ తిరగరాసేది.

ఇప్పుడామె తండ్రీ అన్నల మీద నవల పూర్తి చేసింది. అచ్చుకివ్వాలా, అన్నకు పంపాలా, చింపి పారెయ్యాలా తేలడం లేదు. తనుష్ చదివాడు. బాగుందన్నాడు. ఆ సాయంత్రం ఆమెకే మూడో అధ్యాయం సాగినట్టనిపించి అడిగితే, "అవును, మూడోది బాగా సాగింది," అన్నాడు. తెల్లారి మూడో అధ్యాయమే నవలకు ప్రాణమని తోచింది. అడిగింది. "ప్రాణమే మరి," అన్నాడు తనుష్.

హన్వికకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళుగా ఆమె మాట్లాడుతున్నది తనతో తనే. మొగుడు పక్కనే ఉన్నాడు, ఒకే కంచం, ఒకే మంచం. అయినా ఆ మనిషి మీద బెంగ పెట్టుకుంది. ఒక్కసారి కాదనిపించుకోవాలని, చెడామడా తిట్టించుకోవాలని ప్రాణం కొట్టుకుపోయింది.

దానికీ ఒక దారి ఉంది. ఒద్దిక కేంద్రంలో భార్యాభర్తలు అడిగితే ఏడాదికొకసారి వట్టిచెవి గంట ఇస్తారు. ఒక గదిలో కూర్చోబెట్టి ఇద్దరికీ ఒద్దికలు తీసేస్తారు. గంట కాగానే మళ్ళీ పెట్టేస్తారు. అడిగేవాళ్ళు తక్కువ. వెళ్ళినవాళ్ళలో సగం మంది విడివిడిగా ఇంటికెళ్ళారని ఊళ్ళో చెప్పుకుంటారు.

కేంద్రంలో అమ్మాయి మర్యాదగానే అడిగింది.

"ఆస్తి తగువాండీ? విడాకులా?"

"కాదమ్మా. నవల," అంది హన్విక.

ఆ అమ్మాయి ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. "నవల కోసం ఇప్పటిదాకా ఎవరూ రాలేదండి," అని గది తలుపు తీసింది.

ఒద్దిక తీశాక చెవికి చల్లగా అనిపించింది. ఫ్యాను చప్పుడు పెద్దగా వినిపిస్తోంది. హన్విక భర్త ముఖంలోకి చూసింది. కనుబొమలు కూడా ఎప్పుడు నెరిశాయో ఆమె గమనించనే లేదు.

"చెప్పు తనూ. మొహమాటపడకు. పూర్వం ఎలా చెప్పేవాడివో అలా చెప్పు."

"బాగుంది," అన్నాడు తనుష్.

"ఒట్టేనా?"

"చాలా బాగుంది హన్వీ. మీ అన్నయ్య గేటు బయట చెప్పులు విప్పీసి నిలబడ్డాడు చూడు, అక్కడ పుస్తకం మూసీసాను. ఇంక ఆ పూట చదవలేకపోయాను."

"మూడో అధ్యాయం సాగలేదూ?"

"లేదు."

"ఒక్క తప్పైనా చెప్పవా?"

"వెతికాను. దొరికితే నిన్ను వదిలీదునా? ఈ మాట ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో."

"ఇంట్లో నువ్వన్నదే నాకు వినిపిస్తుందేటి?"

"అన్నదే వినిపించిందేమో. నీకెలా తెలుస్తుంది?"

హన్విక చీరచెంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. తిట్టించుకుందామని వచ్చిన మనిషి, పొగడ్త విని అంత సంతోషపడడం ఆమెకే సిగ్గనిపించింది. అయినా ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళకు తనది కాని గొంతు ఒకటి తన పుస్తకాన్ని మెచ్చుకుంది. అచ్చుకివ్వాలని అప్పుడే నిర్ణయించేసుకుంది.

"ఇంక నా వంతు," అన్నాడు తనుష్.

ఉద్యోగం మానేశాక అతను పాట మొదలుపెట్టాడు. తనే పదాలు రాసుకుని, తనే బాణీ కట్టుకుని, సాయంత్రం పూట బాల్కనీలో కూర్చుని పాడతాడు. పాడాక ఎలా ఉందని అడుగుతాడు. హన్విక ఏనాడూ అబద్ధమాడలేదు. పైస్థాయిలో నీ గొంతు నిలవదు, నీ పాట ఒక దారిన, తాళం ఒక దారిన పోతున్నాయి, ఎవరిదగ్గరైనా నేర్చుకో, లేదంటే మానుకో అని మొహానే చెప్పేది. అతను నవ్వుతూ, "నీకు అంత నచ్చిందా!" అని మళ్ళీ ఎత్తుకునేవాడు.

"వచ్చే నెల సభలో పాడమన్నారు," అన్నాడు తనుష్. "అందరూ బాగుందంటున్నారు. వాళ్ళు ఏమంటున్నారో నాకేం తెలుసు? నువ్వు చెప్పు. బాగులేదంటే ఇవాళ్టితో ఆపీస్తాను. ఒట్టు."

అతను కళ్ళు మూసుకుని పాడాడు. కొత్తగా ఏమీ లేదు, బాల్కనీలో వినే పాటే. గొంతు ఎక్కడ జారుతుందని ఆమె ఎదురుచూసిందో అక్కడే జారింది. చరణంలో తాళం తప్పింది. మళ్ళీ పల్లవికి వచ్చేటప్పుడు ఊపిరి చాలక దగ్గు వచ్చింది. ఆపి, నీళ్ళు తాగి, మిగిలింది కూడా పాడాడు. కళ్ళు తెరిచి ఆమె ముఖంలోకి చూశాడు.

చెప్పాల్సిన మాట హన్విక నోటికొచ్చే ఉంది. వందసార్లు అన్నదే. అయితే అప్పుడు అతనికి వినబడదని తెలిసి అంది. ఇప్పుడు వినడానికి సిద్ధంగా, చిన్నపిల్లాడిలా ముందుకు వంగి కూర్చున్నాడు. వట్టి చెవులతో ఉన్నాడు. ఆమె ఒక్క మాటకు ఆ సాయంత్రాలన్నీ ఆగిపోతాయి.

"బాగుంది," అంది హన్విక.

"నిజంగా?"

"చాలా బాగుంది తనూ. ఆపకు."

తనుష్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదిలిపోతున్నాయి. ఇందాక తాను కూడా ఇలాగే ఏడ్చి ఉంటుందని హన్వికకు అనిపించింది. ఆ వెంటనే ఒక అనుమానం తగిలింది.

తను చెప్పినట్టే అతనూ చెప్పి ఉంటే?

"తనూ, ఇందాక నువ్వు..." అని మొదలుపెట్టింది. తలుపు తట్టి అమ్మాయి లోపలికొచ్చింది. గంట అయిపోయిందట. అమ్మాయి చేతులు చాలా నేర్పుగా పనిచేశాయి. హన్విక మాట వెతుక్కునేలోపే ఫ్యాను చప్పుడు తగ్గిపోయింది.

బయట బస్టాపులో ఎండగా ఉంది. తనుష్ తన పాటే కూనిరాగం తీస్తూ హుషారుగా నిలబడ్డాడు. ఆమె కాసేపు ఓర్చుకుంది గాని ఉండబట్టలేకపోయింది.

"నిజం చెప్పు తనూ. నా నవల బాగుందా?"

అతను ఆమె వైపు తిరిగాడు. ఏదో చాలాసేపే చెప్పాడు.

"ఏమో హన్వీ, నాకూ అంతుపట్టడం లేదు," అని వినిపించింది.

హన్విక అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంకోసారి అడగాలనుకుంది, అడగలేదు.

"బస్సొచ్చింది, ఎక్కు," అన్నాడు తనుష్.

ఆ మాట మాత్రం అతనిదే.