సంప్ ఎండిపోయిన రోజు

చెత్త గొయ్యి సైట్ ఇంజనీరు టీ కప్పు చేతిలో ఉండగానే కుర్చీలో వాలిపోయాడు. విషప్రయోగం. అంతకు కాసేపటి ముందే గూఢచారి శాఖకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాడు: "సంప్ ఎండిపోయిందండీ. అది ఎండకూడదు."

శాఖ చీఫ్ వెంటనే వదినను పిలిపించాడు. ఆవిడ అతని సొంత అన్న భార్య, శాఖలో అందరికంటే సీనియర్ ఏజెంట్. చీఫ్ నోట వినీ వినీ డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఆవిడ కోడ్ పేరు కూడా 'వదిన' అయిపోయింది.

"ఊళ్ళో చెత్తంతా పోసే గొయ్యి ఇది," అన్నాడు చీఫ్ మ్యాపు పరుస్తూ. "అడుగున రెండు ప్లాస్టిక్ షీట్లు. చెత్త కుళ్ళి కారే నల్ల రసాన్ని లీచేట్ అంటారు. అది షీట్ల మీదుగా జారి మధ్యలో ఉన్న సంప్‌లో చేరుతుంది. అక్కణ్ణించి పంపుతో తోడేస్తారు."

"షీట్ల కింద?"

"ఊరంతా తాగే నీళ్ళు, వదినా."

"ఎవరి పని?"

"శత్రుదేశం ముఠా. వాళ్ళ నాయకుడు ఈ షీట్లు చూసే లైనర్ కన్సల్టెంట్ వేషంలో అక్కడే తిష్ఠ వేశాడు. పట్టుకుందామంటే ఆధారం లేదు. మనకక్కడ ఒక డబుల్ ఏజెంట్ ఉన్నాడు. 'వాన పడేలా ఉంది' అను. 'గొడుగు అద్దెకిస్తాను' అంటే అతనే. నువ్వు షీట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌వి. ఈ వాచీలో గ్యాస్ మీటరుంది. అది కూస్తే మాత్రం పిస్టల్ ముట్టుకోకు. చెత్తలోంచి వచ్చే మీథేన్ అది! ఒక్క నిప్పురవ్వ పడిందంటే నిన్ను చీపురుతో ఊడ్చి తెచ్చుకోవాలి."

"ఎంత ముద్దుగా చెప్పావయ్యా!"

మధ్యాహ్నానికల్లా వదిన హెల్మెట్ పెట్టుకుని చెత్తగుట్ట మీద ఉంది. తెల్ల సూటు, నల్ల కళ్ళద్దాల అందగాడొకడు ఎదురొచ్చాడు. అంత కంపులోనూ సెంటు గుప్పుమంది. 'సెంటు బాబు' అని మనసులోనే పేరు పెట్టేసింది.

"వాన పడేలా ఉంది," అంది, మాడ్చేస్తున్న ఎండలో.

"గొడుగు అద్దెకిస్తాను మేడమ్."

అతను గుట్ట నడుమనున్న కాంక్రీటు బావిలోకి దారి తీశాడు. ఇనప నిచ్చెన దిగి అడుగుకు చేరారు. సంప్ పొడిగా ఉంది. నల్లటి షీటు మీద ఒక స్టీలు పెట్టె బిగించి ఉంది.

పైన గరగరమని చప్పుడైంది. తలెత్తేలోగా నిచ్చెన పైకి లేచిపోయింది.

"ఇద్దరికీ అమ్ముడుపోయినవాడు నాకెందుకోయ్?" కన్సల్టెంట్ గొంతు బావిలో మార్మోగింది. "ఆ పెట్టెలో వేడి బ్లేడుంది. బాంబు పెడితే లోకమంతా తెలుస్తుంది. చిన్న కన్నమైతే? పదేళ్ళ తర్వాత జనం జబ్బుపడితే ఎవరిని అనుమానిస్తారు?"

మూత పడింది. బోల్టులు బిగుసుకున్నాయి.

హెల్మెట్ లైటు తప్ప అంతా చీకటి. వాచీ కీచుమని కూసింది. వదిన బ్యాగులోంచి చిన్న ఆక్సిజన్ సీసా తీసింది. ఉన్నది ఒక్క మాస్కే. చెరో గుక్కా పీల్చుకుంటూ ఇద్దరూ పెట్టెను పట్టి లాగారు. అది ఇసుమంతైనా కదల్లేదు. కాలిన ప్లాస్టిక్ వాసన ముక్కుపుటాలను మండించింది.

"పై షీటు పోయింది," అన్నాడు సెంటు బాబు. "ఇక ఒక్కటే ఉంది."

గోడలు దగ్గరికి జరుగుతున్నట్టనిపించింది వదినకు. అయినా అడిగింది: "సంప్‌ని ఎలా ఎండగట్టారు?"

"రసం వచ్చే పైపు వాల్వ్ మూసేశాం."

"ఎవరు?"

"నేనే."

"అయితే నువ్వే విప్పు."

"మేడమ్! గుట్టలో రసమంతా ఇక్కడికే వస్తుంది! మునిగి చస్తాం!"

"బ్లేడు కూడా మునుగుతుందిగా. చల్లారిన కత్తి షీటునేం కరిగిస్తుంది? విప్పవయ్యా!"

ఇద్దరూ బావి గోడకున్న వాల్వ్ చక్రం పట్టుకుని తిప్పారు. నల్లటి రసం బుసకొడుతూ దూకింది. పెట్టె సుయ్యిమంది. దాని మీది ఎర్ర దీపం ఒకసారి మినుక్కుమని ఆరిపోయింది.

కన్నం ఆగింది. రసం మాత్రం ఆగలేదు. వాల్వ్ మళ్ళీ మూసేద్దామంటే ఆ ఉధృతికి చక్రం కొంచెం కూడా తిరగలేదు. మోకాళ్ళు మునిగాయి. నడుము మునిగింది.

"సంప్ నిండితే కంట్రోల్ రూమ్‌లో అలారం మోగాలి కదా?" అంది వదిన.

సెంటు బాబు తల దించుకున్నాడు. "ఆ తీగ కూడా నేనే కోశాను. అదిగో, పైన."

"మీథేన్‌లో తీగలు కలిపితే పేలదూ?"

"పేలదు మేడమ్. అలారం తీగలో రవ్వ పుట్టేంత కరెంటుండదు. అందుకే అలా కడతారు."

ఇతను ఇప్పటికి ఇద్దరిని మోసం చేశాడు. ఈసారి నిజమే చెబుతున్నాడా? వదిన అతని కళ్ళలోకి చూసింది. అక్కడ చావుభయం తప్ప ఇంకేం లేదు. మాస్కు అతని చేతికిచ్చి భుజాలు వంచింది. "ఎక్కు."

అతను ఎక్కాడు. బరువుకు ఆవిడ కాళ్ళు జారుతున్నాయి. రసం గడ్డం దాకా వచ్చింది. పెదవులు బిగించింది. పైన అతని వేళ్ళు తడబడుతున్నాయి. ఒక తీగ జారింది. మళ్ళీ దొరికింది. రసం ముక్కుకు తగిలింది.

పైన ఎక్కడో సైరన్ కూసింది.

"ఫాల్స్ అలారం! మూత ముట్టుకోకండి!" కన్సల్టెంట్ అరుపు వినిపించింది.

"అలారం మోగితే తియ్యాల్సిందే సార్. పక్కకి జరగండి," ఎవరో విసుక్కున్నారు.

వెలుతురు పడింది. నిచ్చెన దిగింది.

గేటు దాటకముందే కన్సల్టెంట్‌ను అక్కడ కాపు కాస్తున్న చీఫ్ మనుషులు పట్టుకున్నారు. సెంటు బాబు తన తప్పంతా ఒప్పుకుని వాళ్ళ జీపులోనే ఎక్కాడు.

సాయంత్రం ఆసుపత్రికి చీఫ్ వచ్చాడు. "కింది షీటు మీద గీత మాత్రమే పడింది వదినా. ఊరు బతికింది."

"ఆ షీటు ఎన్నాళ్ళు ఆగుతుందట?"

"మహా అయితే ఓ వందేళ్ళు."

"లోపలున్న విషం?"

"అంతకంటే ఎక్కువే బతుకుతుందట. ఆ తర్వాత ఎవరు కాపలా కాస్తారో ఇంకా తేలలేదు."

వదిన దుప్పటి తలమీదికి లాక్కుంది. "నా వంక చూడకు మరిదీ. నాకు వచ్చే నెలే రిటైర్మెంటు."