ఎవరూ అడగని రెండో గేటు

మొదటి గేటు దగ్గర నిప్పురవ్వలు ఎగిరిపడుతున్నాయి.

మధ్యాహ్నం భోజనాలు ఇంకా అవలేదు. పిల్లలు టిఫిన్ డబ్బాలు చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చారు. వెల్డర్ ముఖానికి నల్లద్దం అడ్డం పెట్టుకుని, గేటు రెండు రెక్కలనూ కలిపి ఇనుప పట్టీ అతికిస్తున్నాడు.

"దూరం జరగండర్రా. ఆ వెలుగు వైపు చూడొద్దు," అంటూ వాచ్‌మన్ తాత చేతులు చాచి అందరినీ వెనక్కి నెడుతున్నాడు.

"అయిపోయింది నా పని," అంది వసపిట్ట. ఆ పిల్ల నోరు మూతపడగా ఎవరూ చూడలేదు కాబట్టి ఆ పేరు. "మా ఇల్లు ఈ గేటుకి ఎదురుగానే. ఇకనుంచి గోడ చుట్టూ గానుగెద్దులా తిరగాలి. రెండో గేటు కావాలని అడిగిన మహానుభావులెవరో గానీ, వాళ్ళకి దణ్ణం పెట్టాలి."

పక్కనున్న అమ్మాయి టిఫిన్ డబ్బా మూత బిగించుకుంది. ఆమెను బడిలో అందరూ 'సగటు' అంటారు. ఐదో తరగతిలో సగటు తీయడం నేర్పిన రోజు నుంచి ఆమెకు అదే పిచ్చి. తమ్ముడు రోజుకు సగటున ఎన్నిసార్లు అలుగుతాడో కూడా లెక్క చెప్పగలదు.

బడికి మూడు గేట్లు. వాచ్‌మన్ ఒక్కడే. అందుకని కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ మేడమ్ ఒక్క గేటే ఉంచి, మిగతా రెండూ మూసేద్దామన్నారు. ఏది ఉంచాలో పిల్లల్నే అడగమన్నారు. ఆ పని సగటుకి అప్పగించారు. నిన్న అందరూ చీటీల మీద ఒకటో, రెండో, మూడో రాసి ఇచ్చారు. సగటు అన్నీ కూడింది, చీటీల సంఖ్యతో భాగించింది. దాదాపు రెండు వచ్చింది. దాంతో రెండో గేటే ఉంచాలని తేలింది.

ఈ ఉదయం ప్రార్థన దగ్గర మేడమ్ ఆమెను ముందుకు పిలిచి, "ఇంత పెద్ద లెక్క ఒక్కతే చేసింది," అని అందరి చేతా చప్పట్లు కొట్టించారు. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

"ఏయ్, నువ్వు ఏం రాశావ్?" వసపిట్ట పక్కనున్న అబ్బాయి భుజం తట్టింది.

"ఒకటి."

"నువ్వు?"

"మూడు. మా వీధి అటే కదా."

"నువ్వు?"

"మూడే. రెండెవరు రాస్తారు, పిచ్చా? అటు గోడౌను లారీలు కదా."

వసపిట్ట ఊరుకోలేదు. గుంపంతా తిరిగి అడిగి వచ్చింది. "ఇదేదో దెయ్యం ఓట్ల కథలా ఉందే. రెండు అన్నవాళ్ళు ఒక్కరూ దొరకలేదు. నీ చీటీల్లో ఎంతమంది అన్నారు?"

సగటు ఆలోచనలో పడింది. చీటీలు కూడుతున్నప్పుడు ఒకట్లు, మూళ్ళు, ఒకట్లు, మూళ్ళు. రెండు రాసిన చీటీ ఒక్కటైనా చూసిందా? గుర్తు చేసుకుంది. లేదు.

"నేను... సగటు తీశానే," అంది మెల్లగా. "సగం మంది దాకా ఒకటి అన్నారు, సగం మంది మూడు అన్నారు. మధ్యలో రెండు వచ్చింది."

వసపిట్ట ఆమెను ఎగాదిగా చూసింది. "గేట్లకి సగటేంటే? నా ఆటల బనీను మీద నాలుగు ఉంటుంది. మా గోల్‌కీపర్‌ది పది. సగటు తీస్తే ఏడు. మా జట్టులో ఏడో నంబరే లేదు. ఏడు వచ్చింది కదా అని లేనివాణ్ణి ఎక్కణ్ణుంచి తెచ్చి ఆడిస్తావ్?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సగటు నవ్వలేదు. బనీను మీది నంబరు 'ఎంత' అని చెప్పడానికి వేసింది కాదు. ఎవరో తెలియడానికి వేసింది. గేటుకి ఒకటి, మూడు అని కాకుండా ఎరుపు, పచ్చ అని పేరు పెట్టి ఉంటే? ఎరుపునీ పచ్చనీ ఎలా కూడుతుంది, దేనితో భాగిస్తుంది?

"పోయి చెప్పు మరి," అంది వసపిట్ట.

"చెప్తా."

చెప్పలేదు. బెల్లు మోగింది. క్లాసులోకి వెళ్ళి కూర్చుంది.

రేపు చెప్పొచ్చులే అనుకుంది. పొద్దున చప్పట్లు కొట్టినవాళ్ళందరూ ఇప్పుడు పకపకా నవ్వుతారు. గేటు ఏదైతేనేం, ఇంటికి వెళ్ళడమే కదా కావలసింది. అలా తనకు తనే నచ్చజెప్పుకుంటుండగా కిటికీలోంచి ఆ చప్పుడు వినబడింది.

టీం, టీం, టీం.

రెండో గేటు బయట లారీ వెనక్కి వస్తున్న చప్పుడు. ఆ సందు ఇరుకు. గోడౌనులోకి తిరగాలంటే లారీ బడి గోడను రాసుకుంటూ వెనక్కే రావాలి. వెనకాల ఏముందో డ్రైవరుకి సరిగా కనబడదు. అందుకే ఎప్పుడూ ఎవరూ అటు వెళ్ళరు. ఈ సంగతి కొత్త మేడమ్‌కి తెలియదు. పిల్లలే కోరుకున్నారని చెప్పాక ఇంకెవరూ నోరు మెదపలేదు.

చిన్న తరగతులను ముందు వదులుతారు. ఆ వరుసలో తమ్ముడు ఉంటాడు. వాడు వరుసలో ఎప్పుడూ మొదట నిలబడతాడు. తలుపు తెరిస్తే చాలు, బాణంలా దూసుకుపోతాడు.

సగటు లేచి నిలబడింది. "టీచర్, ప్రిన్సిపాల్ మేడమ్‌ని కలవాలి."

"ఇప్పుడా? పాఠం మధ్యలోనా?"

"ఇప్పుడే టీచర్. తర్వాతైతే కుదరదు."

ఆమె ముఖం చూసి టీచర్ ఇంకేమీ అడగలేదు. వెళ్ళమని తల ఊపారు.

సగటు వరండాలో నడవకూడనంత వేగంగా నడిచింది. తర్వాత పరుగెత్తింది. మూడో గేటు వైపు నుంచి కాలిన ఇనుము వాసన వస్తోంది. వెల్డర్ అటు చేరిపోయాడు.

మేడమ్ గది తలుపు వేసి ఉంది. బయట కూర్చున్న గుమస్తా తల ఎత్తకుండానే, "ఫోన్లో ఉన్నారు. కూర్చో," అన్నాడు.

కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది.

చిన్న తరగతుల బెల్లు మోగింది.

సగటు లేచి తలుపు వైపు నడిచింది. గుమస్తా "ఆగు, ఆగు" అంటుండగానే తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మేడమ్ ఫోను చెవి దగ్గరే ఉంచుకుని చురుగ్గా చూశారు. "ఏంటమ్మా ఇది?"

"మేడమ్, నా లెక్క తప్పు. రెండో గేటు ఎవరూ అడగలేదు. నేను గేటు నంబర్లకి సగటు తీశాను. తీయకూడదు. అటు లారీలు వెనక్కి వస్తాయి మేడమ్, చిన్నపిల్లలు ఇప్పుడే అటు..."

"ఆగు. రెండు అన్నవాళ్ళు ఎంతమంది?"

"ఒక్కరూ లేరు మేడమ్."

మేడమ్ ఫోను బల్లమీద పెట్టేశారు. అవతలివాళ్ళు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. మేడమ్ అప్పటికే గది దాటేశారు. సగటు ఆమె వెనకే పరుగెత్తింది.

మెట్లు దిగి మలుపు తిరిగేసరికి వరుస కనబడింది. సంచులు, నీళ్ళ సీసాలు, చిన్నచిన్న తలలు. వాచ్‌మన్ తాత గేటు తాళం తీసి ఒక రెక్క లాగుతున్నాడు. ముందు తమ్ముడు. రెక్క సందులోంచి అప్పుడే ఒక కాలు బయట పెట్టాడు.

టీం, టీం, టీం.

"తాతా, గేటు వేసెయ్యండి," అని అరిచారు మేడమ్.

తాత ఎందుకని అడగలేదు. ఒక చేత్తో తమ్ముడి సంచీ పట్టుకుని లోపలికి లాగాడు, రెండో చేత్తో రెక్క తోశాడు. గేటు గడియ పడింది. ఆ మరుక్షణంలో ఊచల అవతల లారీ వెనక భాగం గోడలా వచ్చి, గేటు ముందునుంచి మెల్లగా జరుగుతూ పోయింది. దుమ్ము లోపలికి కొట్టింది.

తాత గేటుకి మళ్ళీ తాళం బిగించాడు.

"అక్కా," అన్నాడు తమ్ముడు ఏడుపు ముఖంతో, "తాత నా సంచీ పట్టీ తెంపేశాడు."

సగటు వాణ్ణి గట్టిగా పట్టుకుంది. తెగిన పట్టీని ముడి వేసి, సంచీ తన భుజానికి తగిలించుకుంది.

మూడో గేటు దగ్గర వెల్డర్ అప్పటికి ఒక పక్క అతికించేశాడు. కోసెయ్యమంటే నల్లద్దం పైకెత్తి విసుగ్గా చూశాడు. "పొద్దున్నుంచీ అతికించమన్నారు, ఇప్పుడు కొయ్యమంటున్నారు. రేపు మళ్ళీ అతికించమంటారా?"

"అది ఇంకా తేలలేదు. ముందు కొయ్యి బాబూ," అన్నారు మేడమ్. చిన్న తరగతులు ఆ గేటునుంచే బయటపడ్డాయి. అమ్మ అక్కడికే వచ్చి తమ్ముణ్ణి తీసుకెళ్ళింది.

అప్పుడు మేడమ్ సగటు వైపు తిరిగారు. "నువ్వు ఇచ్చిన అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో నేనూ అడగలేదు. అది నా పొరపాటు. మరి ఇప్పుడేం చేద్దాం?"

"మళ్ళీ అడుగుతాను మేడమ్. ఇప్పుడు పెద్ద తరగతులని, రేపు పొద్దున చిన్నవాళ్ళని."

"ఎందుకు మళ్ళీ అడుగుతున్నావో కూడా చెప్పాలి."

"చెప్తాను."

మొదట తన క్లాసుకే వెళ్ళింది. అక్కడే అన్నిటికన్నా కష్టం. బోర్డు దగ్గర నిలబడి, "నిన్నటి లెక్క తప్పు. నేనే తప్పు చేశాను," అంది. ఎవరో నవ్వారు. వెనక బెంచీ నుంచి ఎవరో "సగటుకి లెక్కల్లో సున్నా" అన్నారు. అయినా ఆగకుండా బోర్డు మీద మూడు గళ్ళు గీసింది, ఒక్కో గేటుకి ఒక్కో గడి. చేయి ఎత్తినవాళ్ళకి తలా ఒక గీత పెట్టింది. దేన్నీ దేనితోనూ కూడలేదు.

తర్వాత, "ఇంటికి ఎన్ని నిమిషాల నడక?" అని కూడా అడిగింది.

"ఈసారి సగటు తియ్యవా?" అంది వసపిట్ట.

"నిమిషాలకి తీస్తా. నిమిషం అంటే అందరికీ అంతే కదా. గేట్లకి తియ్యను."

మర్నాడు చిన్న తరగతుల గీతలు కూడా చేరాక, అన్నీ వరసగా పరిచి చూసింది. చిన్నవాళ్ళ గీతలు ఎక్కువ మూడో గడిలో. పెద్దవాళ్ళవి ఎక్కువ ఒకటో గడిలో. రెండో గడి ఖాళీ.

మేడమ్ కాగితం కోసం చేయి చాచారు. "చిన్నవాళ్ళు ముందు వెళ్తారు, పెద్దవాళ్ళు తర్వాత. అంటే తాత ముందు ఒక గేటు దగ్గర, తర్వాత ఇంకో గేటు దగ్గర ఉంటే సరిపోతుంది. ఒకటో గేటు పట్టీ కూడా కోయించేస్తాను. అంతేనా? రాసెయ్యనా?"

సగటు కాగితం ఇవ్వలేదు.

"ఒక్కసారి ఆగండి మేడమ్. చిన్నవాళ్ళని వదిలేటప్పుడు మూడో గేటు బయట ఎలా ఉంటుందో, పెద్దవాళ్ళప్పుడు ఒకటో గేటు బయట ఎలా ఉంటుందో నిలబడి చూసొచ్చి, అప్పుడిస్తాను."

మేడమ్ చాచిన చేయి వెనక్కి తీసుకుని, కుర్చీలోంచి లేచారు. "పద. నేనూ వస్తాను."