ఎడమకు పది లెక్కలు

పెనుకొండ దగ్గర లారీ వెనక నుంచి గుద్దినప్పుడు మల్లికార్జునకు ఒంటి మీద గీత కూడా పడలేదు. బండిలోని పట్టుగూళ్ల బస్తాలు రోడ్డు పాలయ్యాయి. అతని మెడ మాత్రం ఒక్క ఊపున ముందుకూ వెనక్కూ ఊగి కొయ్యబారింది. మూడు వారాలు పట్టీ వేసుకున్నాక, హిందూపురంలో ఫిజియోథెరపీ చేసే షహీన్ వ్యాయామం నేర్పింది. మెల్లగా కుడికి పది లెక్కలు, తర్వాత ఎడమకు పది, రెండు గంటలకోసారి. మరిచిపోతాడని ఫోన్లో అలారం కూడా తనే పెట్టింది.

బండి యజమాని నాగరాజుది ఒకటే మాట. "సోమవారానికి మెడ తిరిగితే బండి నీది. లేకుంటే ఆదెప్ప తోలుతాడు." పదేళ్లుగా కన్నబిడ్డలా చూసుకున్న బండి. మల్లికార్జునకు కూర్చుంటే కూర్చోబుద్ధి కాలేదు, నిలబడితే నిలబడబుద్ధి కాలేదు.

అవ్వ కన్యకమ్మ వైద్యం వేరు. అమావాస్య సాయంత్రం మూడు దారులు కలిసే చోటికి తీసుకుపోయి, గుమ్మడికాయతో దిష్టి తీసి పగలగొట్టింది.

"వెనక్కి చూడకుండా నడువు మల్లీ."

నాలుగడుగులు వేశాడో లేదో, అలారం మోగింది. చెప్పిన పనికి వంక పెట్టే రకం కాదు మనవాడు. నడుస్తూనే కుడికి పది, ఎడమకు పది తిప్పాడు. మెడ సగమే తిరగడంతో అతనికేమీ కనపడలేదు.

"ఎంత పని చేస్తివిరా..." అంది అవ్వ, గొంతు తగ్గించి.

మర్నాడు పట్టపగలు, పక్కింట్లో టీవీ మోగుతుండగా, చాప మీద కూర్చుని ఎడమకు తిప్పాడు. నీలం గోడ కనిపించింది, అంతే. రెండో రోజు మెడ ఇంకాస్త సాగింది. ఉడికిన పట్టుగూళ్ల కంపు కొట్టింది. ఇంట్లో గూళ్లే లేవు. మూడో రోజు... చాప అంచున ఒక మోకాలు. తనలాగే బాసింపట్టు వేసుకున్న మోకాలు. నాలుగో రోజు, భుజం.

ఇంకొంచెం తిప్పితే ముఖమే. ఆ రోజు నుంచి అక్కడికి రాగానే ఆపేసేవాడు.

సోమవారం ఒక్కడే బస్సెక్కి షహీన్ దగ్గరికి పోయాడు. ఆమె చేత్తో పట్టి చూసింది. "మెడ బాగనే ఉండాదన్నా. మీరే ఆపుతాండారు."

మల్లికార్జున బండిని తలుచుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఎడమకు తిప్పాడు. ఆరు... ఏడు... కంపు ముక్కు దాకా వచ్చింది. తొమ్మిది... పది.

కళ్లు తెరిచాడు. గోడ, కిటికీ, ఖాళీ బెంచీ.

పోయిన ప్రాణం లేచొచ్చింది. బండి తోలొచ్చని షహీన్ రాసిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

"మీతో వచ్చినాయనకు కూడా దెబ్బ తగిలిందాన్నా?" అంది షహీన్.

"నాతో ఎవరొచ్చినారు? నేనొక్కడినే కదా."

ఆమె అతని కుడి భుజం మీదుగా వెనక్కి చూస్తోంది.

"అంతగా తిప్పకూడదని చెప్పండన్నా ఆయనకు..." అంది మెల్లగా. "ఆయన మెడ ఒక చుట్టు పూర్తిగా తిరిగొస్తాండాది."

మల్లికార్జున కదల్లేదు. జేబులో అలారం మోగింది.

మొదట కుడికి.